తెగిన లింకులు అతికే పనికి చేతులు కావాలి

సంపాదకులు గారికి నమస్కారాలు.

అక్టోబరు దగ్గరపడిందంటే నెల్లూరు, కావలి, ఒంగోలు ఇంజినీరింగ్ కాలేజీల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: ఓపెన్ సోర్స్‌లో (కోడ్ అందరికీ తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేర్‌లో) ఏదో ఒక కాంట్రిబ్యూషన్ చెయ్యాలి, రెజ్యూమేలో చూపించాలి. 2014 నుంచి ఏటా ఆ నెలలో జరిగే హ్యాక్టోబర్‌ఫెస్ట్, అంటే అలాంటి ప్రాజెక్టులకు మార్పులు పంపించే పండగ, ఇందుకు ఒక కారణం. 2020లో అక్కడ ఇచ్చే టీషర్టు కోసమని రీడ్‌మీ ఫైలులో (ప్రాజెక్టు పరిచయ పత్రంలో) ఒక మాట చేర్చి పంపిన పుల్ రిక్వెస్టులు (ఈ మార్పు తీసుకోండన్న వినతులు) వెల్లువెత్తి మెయింటెయినర్లు, అంటే ప్రాజెక్టును చూసుకునేవాళ్లు, తల పట్టుకున్నారు. చివరికి, మాకు సమ్మతమే అని చెప్పిన ప్రాజెక్టులకు పంపినవే లెక్కలోకి వచ్చేలా నిబంధన మార్చారు. పిల్లలకు సలహా ఇచ్చే పెద్దలు మాత్రం ఇప్పటికీ "డాక్యుమెంటేషన్‌తో మొదలుపెట్టండి" అంటూనే ఉంటారు. సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే ఆ పేజీల్లో ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. ఆ పని రోజూ చేసేవాళ్లుగా మా జవాబు ఇది: పనిచేయని లింకులు బాగుచెయ్యండి. కోడింగ్ గొప్పగా రానక్కర్లేదు, ఓపిక ఉండాలి. అయితే అడ్డదిడ్డంగా చేస్తే మాత్రం చెయ్యకపోవడమే మేలు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైంది, మన్నించండి.

2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తరవాత దొరకడం లేదని అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో లెక్క తేల్చింది. సాఫ్ట్‌వేర్ లోకంలో అయితే ఒక్కోసారి ఊళ్లకు ఊళ్లే ఖాళీ అవుతాయి. కోడ్ దాచుకునే సైట్లలో గిటోరియస్ 2015లో మూతపడింది, గూగుల్ కోడ్ 2016 జనవరిలో. 2021 మేలో ఎన్నో ప్రాజెక్టులు ఫ్రీనోడ్ చాట్ వదిలి లిబెరా చాట్‌కు తరలిపోయాయి. మరుసటి నెలలో, కోడ్‌ను తనంతట తానే పరీక్షించే ట్రావిస్ సీఐ వాళ్ల డాట్ ఆర్గ్ సైటు ఆగింది. "సందేహాలుంటే ఈ చాట్‌లో అడగండి" అని పాత ఫ్రీనోడ్ చిరునామానే చూపే రీడ్‌మీలు ఇంకా ఉన్నాయి. ఆరితేరినవాడు ఎలాగోలా వెతుక్కుంటాడు. కొత్తగా వచ్చిన కుర్రాడు సరిగ్గా ఆ లింకు దగ్గరే ఆగిపోతాడు. కాలువ కింద ఎప్పుడూ ఎండేది చివరి కయ్యే కదా.

చిరునామా ఎందుకు చెడుతుందో తెలియాలంటే కందుకూరును చూడండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు అది ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. పిన్‌కోడ్ మాత్రం 523105గానే ఉంది. నెల్లూరు వైపు పిన్‌లు 524తో మొదలవుతాయి కదా అని ఎవరూ దాన్ని దిద్దలేదు. చీరాల బాపట్ల జిల్లాలోకి పోయినా 523155 అలాగే ఉంది. జిల్లా గీత ఎన్నిసార్లు జరిగినా పోస్టుమ్యాన్‌కు ఇబ్బంది లేదు. వెబ్ చిరునామాలో ఫోల్డర్ పేరు జిల్లా లాంటిది. ‘గైడ్స్’ అనే ఫోల్డర్‌ను ‘ట్యుటోరియల్స్’ అంటే బాగుంటుందని ఎవరికో బుద్ధి పుడుతుంది. పేజీ అదే, అందులో అక్షరం మారలేదు, ప్రపంచమంతా దానికి పెట్టుకున్న లింకులు మాత్రం ఒక్క దెబ్బకు తెగిపోయాయి.

పేజీని జరిపితే పాత చోట మళ్లింపు పెట్టడం జరిపినవాళ్ల బాధ్యత. డాక్స్ సైటు తయారుచేసే టూలు హ్యూగోలో పేజీ తలభాగంలో ‘అలియాసెస్’ అని పాత దారి రాస్తే చాలు. అలాంటివే అయిన ఎంకేడాక్స్‌కూ, జెకిల్‌కూ ఇందుకు ప్లగిన్లు ఉన్నాయి. డాక్స్ ఉంచే సైటు రీడ్ ద డాక్స్‌లో ప్రాజెక్టు సెట్టింగుల్లోనే ఉంది. గిట్‌హబ్ (కోడ్ ఉంచుకునే సైటు) వారి పేజెస్ లాంటి స్టాటిక్ హోస్టింగ్‌లో, అంటే తయారైన ఫైళ్లను ఉన్నవున్నట్టు అందించే చోట, ఒక చిక్కు ఉంది. అది సర్వర్ నుంచి అసలైన 301 (పేజీ శాశ్వతంగా జరిగిందని చెప్పే కోడ్) పంపలేదు కాబట్టి ఆ ప్లగిన్లు పాత చోట ఒక చిన్న హెచ్‌టీఎంఎల్ పేజీ పెట్టి అక్కణ్నుంచి పాఠకుణ్ని తోస్తాయి. ఆ తోపులో చిరునామా చివర హ్యాష్ గుర్తు తరవాతి భాగం తరచూ రాలిపోతుంది. పేజీ మధ్యలోని ఏడో సెక్షన్‌కు రావాల్సినవాడు పేజీ నెత్తిమీద దిగుతాడు.

రెపో (ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు) పేరు మార్చినప్పుడు గిట్‌హబ్ తనే పాత చిరునామాను కొత్తదానికి మళ్లిస్తుంది. దాన్ని నమ్ముకుని పాత లింకులు వదిలెయ్యకూడదు. అదే ఖాతాలో పాత పేరుతో ఇంకో రెపో పుడితే మళ్లింపు అక్కడితో ఆఖరు. ఖాతా పేరే మారి, ఖాళీ అయిన ఆ పేరును ఇంకెవరో తీసుకున్నారనుకోండి, మన ఇన్‌స్టలేషన్ పేజీ పాఠకుణ్ని ముక్కూమొహం తెలియనివాడి కోడ్ దగ్గరికి తీసుకెళ్లే ప్రమాదం ఉంది.

ఇక వెతకడం. ఆ ప్రాజెక్టు స్ఫింక్స్ అనే డాక్స్ టూలు వాడుతుంటే డాక్స్ ఫోల్డర్‌లోకి వెళ్లి ‘మేక్ లింక్‌చెక్’ అంటే చాలు, తెగినవీ మళ్లింపులూ ఔట్‌పుట్ ఫైలులో ఫైలు పేరు, వరుస సంఖ్యతో సహా వస్తాయి. మార్క్‌డౌన్ (తేలిక గుర్తులతో రాసే పద్ధతి) ఫైళ్లకు రస్ట్ భాషలో రాసిన ‘లైచీ’ వేగంగా పనిచేస్తుంది. మామూలుగా నడిపితే అది పేజీ ఉందా లేదా అనే చూస్తుంది, హ్యాష్ తరవాతి శీర్షిక ఉందో లేదో చూడదు. దానికి ఫ్రాగ్మెంట్ల ఆప్షన్ విడిగా ఇవ్వాలి. డాక్యుసారస్ అనే ఇంకో టూలు లోపలి లింకు తెగితే బిల్డునే (పేజీల తయారీనే) ఆపేస్తుంది. ఎంకేడాక్స్‌లో ‘స్ట్రిక్ట్’ అని చెబితేనే ఆపుతుంది, లేకపోతే హెచ్చరించి వదిలేస్తుంది. ఆ హెచ్చరికలు ఎవరు చదువుతారు?

విండోస్ మీద పనిచేసేవాళ్లు ఒకటి గమనించాలి. ఫైలు పేరు పెద్ద ‘ఐ’తో మొదలై, లింకులో చిన్న ‘ఐ’ రాస్తే మీ కంప్యూటర్లో చక్కగా తెరుచుకుంటుంది. లినక్స్ సర్వరెక్కాక 404, అంటే పేజీ దొరకలేదన్న జవాబు. మన కాలేజీ ల్యాబుల నుంచి వెళ్లే లింకుల్లో ఈ తప్పుకు అవకాశం ఎక్కువ.

లోపలి లింకులనూ బయటి లింకులనూ ఒకే గాటన కట్టొద్దు. లోపలివి మన చేతిలో ఉన్నవి. ప్రతి పుల్ రిక్వెస్టుకూ తనిఖీ చెయ్యాలి, తెగితే బిల్డు ఆగాలి. లైచీలో ఆఫ్‌లైన్ ఆప్షన్ ఇందుకే. బయటివి మన చేతిలో లేవు. వాటిని వారానికోసారి విడిగా నడపాలి. ఎవరో ఒక స్పెల్లింగ్ దిద్ది పంపితే, ఎక్కడో ఏదో సర్వర్ ఆ పది నిమిషాలు పడుకుందని అతని పుల్ రిక్వెస్టుకు ఎర్ర గుర్తు పడటం అన్యాయం. రెండుసార్లు అలా పడితే మెయింటెయినర్ ఆ తనిఖీనే తీసేస్తాడు.

వారపు తనిఖీని గిట్‌హబ్ యాక్షన్స్‌లో (పనులు తనంతట తానే నడిపే సేవలో) పెడితే టైము మామూలుగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) చెప్పాలి. మనకు సోమవారం తెల్లవారుజామున 2 గంటలు కావాలంటే అక్కడ ఆదివారం 20:30 రాయాలి. ఇంకో మెలిక ఏమిటంటే, పబ్లిక్ రెపోలో 60 రోజులు ఏ కదలికా లేకపోతే ఈ షెడ్యూళ్లను గిట్‌హబ్ ఆపేస్తుంది. అంటే ఎవరూ పట్టించుకోని ప్రాజెక్టుకు, అంటే తనిఖీ అవసరం అందరికన్నా ఎక్కువున్నదానికే, అది లేకుండా పోతుంది. రెండు నెలలకోసారైనా చేత్తో నడపాల్సిందే.

టూలు ఇచ్చే జాబితా చూసి వెంటనే దిద్దేసే చోటే తప్పులన్నీ జరుగుతాయి. సర్వర్ ఇచ్చే జవాబు కోడ్‌లలో 404 అంటే పేజీ దొరకలేదు. 410 అంటే కావాలనే తీసేశారు, ఇక వెతకనక్కర్లేదు. 403 వస్తే చాలాసార్లు పేజీ బాగానే ఉంటుంది, మనిషి కాదు యంత్రం వచ్చిందని సర్వర్ తలుపు వేసిందంతే. బ్రౌజర్లో తెరిచి చూడాలి. 429 అంటే మరీ ఎక్కువసార్లు తలుపు కొట్టారు, ఆగి రండి అని. ఒకే సైటుకు వందల లింకులున్న డాక్స్‌లో ఇది మామూలే, కనెక్షన్ల సంఖ్య తగ్గించాలి. 500, ఆ పైవి వస్తే మర్నాడు మళ్లీ చూడాలి. ఒక్కరోజు ఫలితం పట్టుకుని లింకు చచ్చిందని రాసెయ్యకూడదు. కనీసం రెండు వేర్వేరు రోజులు, వీలైతే ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద ఒకసారి, మొబైల్ డేటా మీద ఒకసారి చూడాలి. ఒక నెట్‌వర్క్‌లో తెరుచుకోని సైటు ఇంకోదానిలో తెరుచుకోవడం వింతేమీ కాదు.

వీటన్నిటికన్నా ప్రమాదం 200. అంతా క్షేమం అని దాని అర్థం, ఆ క్షేమం ఎవరిదో మాత్రం అది చెప్పదు. కొన్ని సైట్లు లేని పేజీ అడిగినా 200 ఇచ్చి మొదటి పేజీ చూపిస్తాయి. డొమైన్ గడువు తీరిపోతే కొనుక్కున్నవాడు దాంట్లో జూదం పేజీ పెడతాడు, టూలు దానికీ పచ్చ గుర్తే ఇస్తుంది. అందుకే ఏడాదికోసారి బయటి లింకులన్నీ మనిషి కళ్లతో తెరిచి చూడాలని మేం పట్టుబడతాం.

మళ్లింపుల విషయంలో 301 శాశ్వతం, 302 తాత్కాలికం. 301 కనబడితే కొత్త చిరునామా రాసెయ్యొచ్చు. 302ను ముట్టుకోవద్దు. ‘స్టేబుల్’ అనో ‘లేటెస్ట్’ అనో ఉన్న లింకు ఇవాళ్టి వెర్షన్ పేజీకి మళ్లిస్తుంది. కుర్రాళ్లు ఆ గమ్యాన్నే కాపీ చేసి అతికిస్తారు. ఎప్పుడూ తాజాగా ఉండాల్సిన లింకు ఆ రోజుతో గడ్డకట్టుకుపోతుంది. పైథాన్ డాక్స్‌లో ఉత్త 3 అని ఉన్న దారి ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్ చూపిస్తుంది, 3.8 అని రాస్తే 2024 అక్టోబరులో మద్దతు ఆగిపోయిన వెర్షన్ దగ్గరే నిలబెడుతుంది. పాఠాలకు మొదటిది మేలు. ఫలానా వెర్షన్‌లో ఫలానా ప్రవర్తన అని చెప్పేచోట రెండోదే సరైనది. కోడ్‌లో ఒక వరుసను చూపించాలంటే గిట్‌హబ్‌లో ఆ ఫైలు తెరిచి కీబోర్డ్ మీద ‘వై’ నొక్కండి. చిరునామాలో బ్రాంచి (మారుతూ ఉండే కోడ్ ప్రతి) పేరు పోయి 40 అక్షరాల కమిట్ గుర్తు (ఆ నాటి ప్రతిని పట్టి చెప్పే గుర్తు) వస్తుంది. బ్రాంచి పేరుతో ఇచ్చిన లింకులో 45వ వరుస అంటే, పైన ఎవరో రెండు వరుసలు చేర్చగానే అది ఇంకెక్కడికో చూపిస్తుంది. ఏ టూలూ దాన్ని తప్పనదు.

తెగిందని తేలాక బదులు ఏం పెట్టాలి? గూగుల్‌లో వెతికి మొదట వచ్చినదాన్ని పెట్టడం అన్నిటికన్నా చెడ్డ పని. రాసినవాడు ఏం చూపించాలనుకున్నాడో ముందు తెలియాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ చిరునామా పెట్టి, లింకు చేర్చిన కాలానికి దగ్గరి ప్రతిని చదవండి. లింకు ఎప్పుడు, ఎందుకు చేరిందో, మార్పుల చరిత్ర చూపే ‘గిట్ లాగ్’ కమాండుకు పెద్ద ‘ఎస్’ ఆప్షన్‌తో ఆ చిరునామా ఇస్తే చెబుతుంది. ఆ పేజీ సొంతదారు దాన్ని ఇంకో చోటికి మార్చాడేమో చూడండి. మార్చి ఉంటే అదే పెట్టండి. లేకపోతే ఆర్కైవ్ ప్రతికి లింకివ్వండి. ఆ చిరునామాలో 14 అంకెలు ఉంటాయి: ఏడాది, నెల, తేదీ, గంట, నిమిషం, సెకను. అవి తీసేసి ఇస్తే ఆర్కైవ్ తన దగ్గరున్న కొత్త ప్రతిని చూపిస్తుంది, అది జూదం పేజీ ప్రతి అయినా కావచ్చు. ఆర్కైవ్ కూడా అమృతం తాగి రాలేదు, 2024 అక్టోబరులో దాడి జరిగి కొన్ని రోజులు అందకుండా పోయింది. కాబట్టి లింకులోని సారాన్ని రెండు వాక్యాల్లో మన పేజీలోనే రాసుకోవడం మంచిది. ఏదీ దొరక్కపోతే లింకు తీసెయ్యండి, వాక్యం మాత్రం దాని కాళ్ల మీద అది నిలబడేలా తిరగరాయండి.

ముట్టుకోకూడనివి కొన్ని ఉన్నాయి. లైసెన్సు ఫైలులో అక్షరం మార్చొద్దు. పాత విడుదలల నోట్స్ చరిత్ర, వాటిని వదిలెయ్యండి. ‘ఎగ్జాంపుల్ డాట్ కామ్’ అని కనిపించేవి ఉదాహరణల కోసమే 1999లో కేటాయించిన పేర్లు, అవి తెగిన లింకులు కావు. అన్నిటికీ మించి, ‘హెచ్‌టీటీపీ’ అని ఉన్నవన్నీ ఒక్క కమాండుతో ‘హెచ్‌టీటీపీఎస్’ చేసెయ్యాలన్న దురద వద్దు. ఎస్‌వీజీ బొమ్మల ఫైలు మొదట్లో డబ్ల్యూ3 సంస్థ పేరుతో 2000 అని ఉండే చిరునామా లింకు కాదు, అది ఒక పేరు. దాంట్లో ఒక్క ‘ఎస్’ చేర్చితే బ్రౌజర్ దాన్ని ఎస్‌వీజీగా గుర్తుపట్టదు, డాక్స్‌లోని ఆ బొమ్మలన్నీ మాయమవుతాయి. ఎంత పెద్ద ప్రాజెక్టునైనా ఒక్క ‘సెడ్’ (ఫైళ్లలో మాటలు మూకుమ్మడిగా మార్చే) కమాండుతో పాడుచెయ్యొచ్చని చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం లేదు.

తెలుగులో డాక్యుమెంటేషన్ రాసేవాళ్లకు వేరే అగచాట్లున్నాయి. ఇంగ్లిష్ గైడ్లలో ఇవి ఎక్కడా ఉండవు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం.

మన విభక్తులు పదానికి అతుక్కుని వస్తాయి. చిరునామా రాసి దాని తోకకే ‘లో’ తగిలిస్తే మార్క్‌డౌన్ ఆ ‘లో’ను కూడా చిరునామాలో కలిపేసుకుంటుంది. సర్వర్ లాగుల్లో 404ల చివర ‘%ఈ0’తో మొదలయ్యే తోక కనబడితే, అది ఎవరో తగిలించిన విభక్తి కావడానికే అవకాశం ఎక్కువ. చిరునామాను కోణపు బ్రాకెట్లలో పెట్టాలి, లేదా మాటకు లింకిచ్చి విభక్తిని బయట ఉంచాలి. స్ఫింక్స్ వాడే ఇంకో రాత పద్ధతి ఆర్‌ఎస్‌టీలో ఇది తిరగబడుతుంది. అక్కడ లింకు బ్యాక్‌టిక్, అండర్‌స్కోర్‌తో ముగుస్తుంది, వెంటనే ఖాళీయో విరామ చిహ్నమో ఉండాలి. ‘లో’ అంటిస్తే అది లింకే కాకుండా పోయి గుర్తులన్నీ పేజీలో పచ్చిగా కనిపిస్తాయి. అండర్‌స్కోర్ తరవాత ఒక బ్యాక్‌స్లాష్, ఒక ఖాళీ ఇచ్చి ‘లో’ రాస్తే ఆ ఖాళీ తెరమీద కనబడదు, విభక్తి అతుక్కునే ఉంటుంది. అనువాదపు పీఓ ఫైలులో అయితే బ్యాక్‌స్లాష్ రెండుసార్లు కొట్టాలి.

శీర్షికల సంగతి ఇంకా ఘోరం. ఎంకేడాక్స్ వెనకున్న పైథాన్ మార్క్‌డౌన్ మామూలుగా శీర్షిక నుంచి ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు లాంటివి తప్ప మిగతావన్నీ తీసేసి లంగరు పేరు (చిరునామాలో హ్యాష్ తరవాత వచ్చే గుర్తింపు) తయారుచేస్తుంది. పూర్తి తెలుగు శీర్షికలో మిగిలేది శూన్యం కాబట్టి అండర్‌స్కోర్ 1, అండర్‌స్కోర్ 2 అని అంకెలు వేసుకుంటూ పోతుంది. మధ్యలో ఒక కొత్త శీర్షిక పెడితే కిందివన్నీ ఒక్కో అంకె జరుగుతాయి. లింకులేవీ తెగవు, అన్నీ తప్పు చోటికి వెళ్తాయి. యూనికోడ్ పద్ధతి పెట్టుకుంటే అక్షరాలు నిలుస్తాయి గానీ, పైథాన్ మన గుణింతాలనూ పొల్లునూ అక్షరాల కింద లెక్కగట్టదు. ‘నెల్లూరు’ కాస్తా ‘నలలర’ అవుతుంది. ‘కాలు’, ‘కీలు’, ‘కోల’ మూడూ ‘కల’ అయిపోతాయి. మందు ఒకటే: శీర్షిక తెలుగులో పెట్టి, పక్కన మీసాల బ్రాకెట్లలో హ్యాష్ గుర్తుతో చిన్న ఇంగ్లిష్ గుర్తింపు మీరే ఇవ్వండి. శీర్షిక మాటలు రేపు మార్చినా ఆ గుర్తింపు మార్చకండి. పిన్‌కోడ్ అదే.

ఫైలు పేర్లూ అంతే. తెలుగులో ఒక్కో యూనికోడ్ గుర్తు మూడు బైట్లు, చిరునామాలో తొమ్మిది అక్షరాలు. ‘ఒంగోలు’ 54, ‘నెల్లూరు’ 72 అక్షరాల పొడవుతాయి. పొడవు ఒక్కటే అయితే భరించొచ్చు. ‘ఇన్‌స్టాల్’ అని టైపు చేసేటప్పుడు పొల్లు విడిగా నిలవడానికి మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు పడుతుంది. ఫైలు పేరులో అది ఉండి లింకులో లేకపోతే, రెండూ పక్కపక్కన పెట్టి చూసినా తేడా కనబడదు, లింకు మాత్రం పనిచేయదు. ఫైలు పేర్లకు ఇంగ్లిష్ చిన్నక్షరాలు, మధ్యలో గీత. ఈ ఒక్కచోట భాషాభిమానం పక్కన పెట్టడమే క్షేమం.

అనువాదంలో తెగిన లింకు కనిపిస్తే తెలుగు ఫైలులో దిద్ది ఊరుకోవద్దు. ఎగువన తూము దగ్గర, అంటే ఇంగ్లిష్ మూలంలో దిద్దాలి. లేదంటే మిగతా భాషలవాళ్లందరూ అదే పని విడివిడిగా చెయ్యాలి. పుల్ రిక్వెస్టులో పాత చిరునామా, ఏ తేదీల్లో ఏ కోడ్ వచ్చింది, కొత్తది అదే విషయమని ఎలా తెలిసింది, ఈ మూడూ రాయండి. అదే లింకు ఇంకెన్ని ఫైళ్లలో ఉందో ‘గిట్ గ్రెప్’తో చూసి అన్నీ ఒకేసారి మార్చండి. సంబంధం లేని 50 లింకులు ఒకే మూటలో కట్టకండి, చూసేవాడు ఒక్కటి అనుమానిస్తే మూట మొత్తం ఆగిపోతుంది.

చివరగా మీకో మనవి. విద్యా పేజీలో క్యూఆర్ కోడ్‌లు, పొట్టి లింకులు అచ్చువేస్తున్నారు. పొట్టి లింకు అంటే మధ్యవర్తి. గూగుల్ వాళ్ల పొట్టి లింకుల సేవ 2019 మార్చి తరవాత కొత్తవి ఇవ్వడం మానేసింది, 2025 ఆగస్టు 25 నుంచి వాడకం లేని పాతవీ పనిచేయడం ఆగిపోయాయి. వెబ్ పేజీలో లింకును రేపైనా దిద్దొచ్చు. గ్రంథాలయంలో కుట్టిపెట్టిన పేపరులో దిద్దలేం. క్యూఆర్ కోడ్ కింద అసలు చిరునామా పూర్తిగా, ఫలానా తేదీన చూసినది అని వేస్తే, అది పోయినా ఆ తేదీ పట్టుకుని ఆర్కైవ్‌లో వెతుక్కునే దారి ఉంటుంది. ఒక్క వరుస చోటు చాలు.

ఇట్లు,
సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ పనిచేసే కొందరు,
నెల్లూరు, కావలి, ఒంగోలు